షెడ్డు కింద నుయ్యి

"ఎవరూ కదలొద్దు! అమ్మగారూ, మీరు ఆ గుమ్మం దాటి రావద్దు!" మేస్త్రి బాలశౌరి రెండు చేతులూ చాచి కేకేశాడు.

చాచిన చేతుల్లో గునపం లేదు. గొడవంతా అదే. పొద్దుట్నించి కారు షెడ్డులో గచ్చు పగలగొడుతున్న గునపం ఒక పోటుకి సగందాకా దిగబడి, ఇంకో పోటుకి మేస్త్రి చేతిలోంచి జారి, నేల మింగేసినట్టు మాయమైంది. క్షణానికి ఎక్కడో అడుగున 'బుడుంగు'మంది.

ఇందిరాదేవి కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఆ చప్పుడు ఆవిడకి కొత్త కాదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో రోజూ విన్నదే. చేద వెళ్లి నీళ్లను తాకిన చప్పుడు. విని నలభై ఏళ్లయింది.

"ఇంకా ఉందా!" అంది పైకే.

"ఏం ఉంది అత్తయ్యా?" కోడలు శాంభవి వంటింట్లోంచి పరుగున వచ్చింది.

ఇందిరాదేవి భర్త వైపు చూసింది. అచ్యుతరామారావు పేపరు మడిచి చంకలో పెట్టుకుని, షెడ్డు పైకప్పు వైపు చూస్తున్నాడు. కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పిన మనిషి, జవాబు తెలియని కుర్రాడు క్లాసులో పంకా వైపు చూసినట్టు చూస్తున్నాడు.

"నుయ్యి," అన్నాడు చివరికి. "మా నాన్న తవ్వించింది. ఆగ్నేయంలో నీళ్లుండకూడదని మూయించేశాం. దాని మీదే ఈ షెడ్డు కట్టాం."

"నూతి మీద పిల్లల గది కట్టుకోమన్నారా మామయ్యగారూ? ఒక్క మాట నాతో చెప్పాలనిపించలేదా?"

"పైపైన చెక్కమన్నాను గానీ పాతాళం దాకా తవ్వమన్నానా? ఏమయ్యా బాలశౌరీ, బెత్తెడు తియ్యమంటే నువ్వు చేసిన పనేంటి?"

"బెత్తెడే తీశానండీ. కింద స్లాబులో ఇనుమంతా తుప్పు తినేసింది. ఇన్నాళ్లూ దీని మీద కారు ఎట్టా నిలబెట్టారో ఆ దేవుడికే తెలవాల."

ఆ మాటకి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. కొడుకు రాఘవ రోజూ కారు ఎక్కేదీ దిగేదీ అక్కడే.

శాంభవి చెవులు వినపడని పిల్లలకి మాటలు నేర్పుతుంది. గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్టు మీద గది తీసుకుంది. కింద ఆటోల హారన్లు, సరుకు దించేవాళ్ల కేకలు. ఆ గోలలో పిల్లలకి వినపడేదెప్పుడు, వాళ్లు పలికేదెప్పుడు? ఇప్పుడా గది కూడా నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఊరంతా తిరిగింది. ఆ పిల్లలు వస్తారంటే గది ఇచ్చేవాళ్లు దొరకలేదు. చివరికి భవానీపురంలో తమ ఇంటి షెడ్డునే గదిగా మార్చుకుంటానని కార్పొరేషన్‌కి దరఖాస్తు పెట్టింది. అనుమతి వచ్చాకే పని మొదలెడదామని నెత్తీ నోరూ బాదుకుంది కూడా. మామగారు వింటేనా? "మూఢం వచ్చేస్తోందమ్మా. ఈలోగా శాస్త్రానికి ఒక్క పోటైనా పడాలి" అని ముహూర్తం పెట్టించాడు. పడింది పోటు.

బాలశౌరి చెక్కపలకలు అడ్డం వేసి, వాటి మీద బోర్లా పడుకుని, పుచ్చిన స్లాబు పెచ్చులు ఒక్కొక్కటే లాగి పక్కన పడేశాడు. కన్నం చాటంత అయింది, గుమ్మమంత అయింది. లోపల్నించి ఇన్నేళ్ల గాలి ముక్కవాసనతో పైకొచ్చింది. "కాసేపు ఎవరూ తొంగిచూడకండి. ఆ గాలి పోనివ్వండి" అన్నాడు.

గాలి పోయాక శాంభవి పలక మీద మోకాళ్లూని ఫోన్ లైటు లోపలికి వేసింది. గుమ్మం దాటొద్దన్నా ఇందిరాదేవి ఎప్పుడు దాటిందో, కోడలి పక్కనే ఉంది.

"అమ్మో!" అంది శాంభవి.

ఇటుకలు నిన్న సాయంత్రం పేర్చినట్టున్నాయి. వెలుతురు తగలక ఎక్కడా నాచు పట్టలేదు. ఎర్రటి వరసలు గుండ్రంగా, ఒక్క ఇటుకైనా పక్కకి జరక్కుండా, చీకట్లోకి దిగిపోయాయి. అడుగున నీళ్లు. షెడ్డు రేకుల సందులోంచి ఎండ చుక్క ఒకటి సూటిగా వాటి మీద పడి, నూతి గోడలంతా సన్నటి వెలుగు గీతలు కదిలిస్తోంది.

"ఎంత తేటగా ఉన్నాయి అత్తయ్యా! గునపం కనిపిస్తోంది చూడండి, అడుగున!"

"కృష్ణ నీళ్లే తల్లీ ఇవి. బ్యారేజీ గేట్లు మూస్తే ఏరు పెరిగేది, ఇక్కడ మన నుయ్యీ పెరిగేది. ఎండాకాలం మామిడిపళ్లు చేదలో పెట్టి దింపేవాళ్లం. పైకి తీసి కొరికితే పళ్లు జివ్వుమనేవి."

"ఇసక పొర," అన్నాడు అచ్యుతరామారావు వెనకనించి, ఉండబట్టలేక. "ఏటి నించి ఇక్కడి దాకా నేల కింద ఇసక పొరే. అందులోంచి నీరు ఊరుతుంది. అందుకే రెండు చోట్లా ఒకే మట్టం..." పాఠం మధ్యలో ఆయనకి తను ఏ నూతిని మెచ్చుకుంటున్నాడో గుర్తొచ్చింది. నోరు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నాం. బెత్తెడు గచ్చు చెక్కబోయి కృష్ణమ్మను పట్టినవాళ్లు మాత్రం వీళ్లే.

*

గోరుచుట్టు మీద రోకటి పోటంటారు. ఆ రోకలి సరిగ్గా అప్పుడే హెల్మెట్ తీస్తూ గేటు లోపలికి వచ్చింది. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ అంతోని. శాంభవి దరఖాస్తు పెట్టిన చోటు చూసుకుని పోదామని వచ్చాడు. పగలగొట్టిన గచ్చు చూడగానే మొహం చిట్లించాడు. నాలుగడుగులు వేసి నూతిలోకి తొంగిచూశాడు.

"ప్రభువా!" అన్నాడు. టేపు చేతిలో ఉందన్న సంగతే మర్చిపోయాడు. "ఇదెక్కడి నుయ్యి సార్! మా అమ్మమ్మగారి ఊళ్లో కూడా ఇంత అందమైంది చూడలేదు."

మనిషిగా అతను మాట్లాడింది అంతవరకే. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చింది.

"మేడమ్, అనుమతి రాకుండా పని మొదలెట్టారు. అది ఒక తప్పు. మీ అప్లికేషన్ ఏంటి? షెడ్డుని గదిగా మార్చుకోవడానికి. అవునా?"

"అవునండీ."

"మా దగ్గరున్న మీ ఇంటి ప్లాన్‌లో ఇక్కడ షెడ్డు లేదండీ. ఖాళీ జాగా, నుయ్యి. అంతే. సర్లే, నుయ్యి పూడ్చేసుంటారు అనుకున్నా. లేని షెడ్డుని గదిగా మార్చుకోండని నేనెట్టా రాసేది?"

అచ్యుతరామారావుకి కోపం తన్నుకొచ్చింది. "నలభై ఏళ్లనించి కళ్లెదుట నిలబడున్న షెడ్డుని పట్టుకుని లేదంటావేమయ్యా?"

"ఉంది సార్. ఉండకూడదు. నేను చెప్పేదీ అదే. హద్దు గోడకీ ఇంటికీ మధ్య గాలికీ వెలుతురికీ వదలాల్సిన జాగా ఇది. ఇక్కడ షెడ్డే తప్పు. దాన్ని గది చేస్తే ఇంకో తప్పు."

శాంభవి మొహం వాడిపోయింది. "అంటే నాకు గది రాదా అంతోని గారూ? నెలాఖరుకి పిల్లల్ని నేనెక్కడ కూచోబెట్టుకోను?"

అంతోని నూతి వైపు ఇంకోసారి చూశాడు. గొంతు కొంచెం తగ్గించాడు.

"ఒక దారి ఉందండీ. ఈ షెడ్డు తీసేసి జాగా ఖాళీగా వదలండి. నూతికి గట్టు కట్టి, పైన ఇనప జాలీ వెయ్యండి. కారు అటుపక్క సందులో పెట్టుకోండి. అప్పుడు మీ సొంత ఇంట్లోనే ఒక గది మీ వృత్తికి వాడుకుంటానని కొత్తగా పెట్టుకోవచ్చు. వీధి వైపుది బాగుంటుంది. మెట్టు కూడా లేదు. అది నేను పైకి పంపగలను."

వీధి గది అచ్యుతరామారావుది. ఆయన పడక్కుర్చీ, ఆయన పుస్తకాలు, ఆయన పేపర్లు, ఆయన మధ్యాహ్నం నిద్ర.

"నుయ్యి మూసేస్తే?" అన్నాడాయన.

"సోమవారం వచ్చి ఫొటోలు తీసుకుంటానండీ. అప్పటికి ఇది ప్లాన్‌లో ఉన్నట్టు కాకుండా మూసి ఉంటే మేడమ్ ఫైలు అక్కడితో సరి. షెడ్డు మీద నోటీసు వేరే వస్తుంది." హెల్మెట్ పెట్టుకున్నాక కూడా అతను వెంటనే కదల్లేదు. "మూయకండి సార్. చూడముచ్చటగా ఉంది" అని వెళ్లిపోయాడు.

*

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర పప్పు వడ్డించినప్పుడు ఎవరూ చాలనలేదు, ఇంకొంచెమనలేదు.

"రేపు పొద్దున్నే నాపరాళ్లు తెమ్మని బాలశౌరికి చెప్పాను," అన్నాడు అచ్యుతరామారావు మజ్జిగన్నం కలుపుకుంటూ.

"మామయ్యగారూ, అంతోని గారు అంత చెప్పాక కూడానా?"

"నీ గదికి ఇంకో చోటు చూద్దామమ్మా. నేనే తిరుగుతాను."

"నేను తిరగని వీధి లేదండీ. మీరు వీధి గది ఇవ్వలేనంటే చెప్పండి. అర్థం చేసుకుంటాను. నుయ్యి మూయడం ఎందుకు?"

"గది ఎంత తల్లీ! కావాలంటే ఈ పూటే ఇచ్చేస్తాను. అది తెరిచి ఉన్న ఇంట్లో మాత్రం నేను పచ్చి మంచినీళ్లు ముట్టను."

"ఫిజిక్సు చెప్పిన మీరేనా ఈ మాటనేది? తెరిచి ఉంటే ఏం జరుగుతుందని మీ భయం?"

అచ్యుతరామారావు భార్య వైపు ఒక్క చూపు చూసి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఆ చూపు శాంభవికి అర్థం కాలేదు. ఇందిరాదేవికి అయింది.

ఆవిడకి మొదటి కడుపు వచ్చినప్పుడు సాయంత్రాలు ఆ నూతి గట్టు మీదే గడిచాయి. పైన కొబ్బరాకుల గాలి, కింద నీళ్ల చల్లదనం. కాలేజీ నించి వచ్చి ఆయన కూడా పక్కన కూచునేవాడు. ఒకరోజు ఆడపిల్లయితే ఏం పేరు పెట్టాలో ఆయన చెవిలో చెప్పింది. అత్తగారికి తెలిస్తే 'పుట్టకుండా పేరేంటే' అని తిడుతుందని ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆడపిల్లే పుట్టింది. ఏడవలేదు. మంత్రసానీ డాక్టరమ్మా ఇద్దరూ వీపు తట్టారు, కాళ్లు పట్టుకుని ఊపారు. ఎంతకీ ఏడుపు వినపడలేదు.

సిద్ధాంతి వచ్చి ఇల్లంతా తిరిగి, నూతి దగ్గర ఆగాడు. నిప్పు ఉండాల్సిన మూల నీళ్లున్నాయన్నాడు. ఆవిడ పుట్టింటి నించి తిరిగొచ్చేసరికి నుయ్యి లేదు. స్లాబు మీద పచ్చి సిమెంటు. తర్వాత రాఘవ పుట్టాడు, గుక్కపట్టి ఏడ్చాడు. "చూశావా మరి!" అన్నారు అందరూ.

అందరూ అన్నారు గానీ, నీకేమనిపిస్తోందని ఆవిడనెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో ఆవిడకీ తెలియదు. సగం నమ్మింది. అదే పెద్ద బాధ. ప్రాణంగా చూసుకున్న నుయ్యే తన పిల్లని మింగిందనుకుంటూ నలభై ఏళ్లు దాని పక్కనించి నడిచింది. ఇవాళ తొంగిచూస్తే అది ఏమీ ఎరగనట్టు, ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ తేట చూశాక ఆవిడకి అన్నం సహించలేదు.

*

మర్నాడు బాలశౌరి నాపరాళ్లు దింపాడు. గేటు పక్కనే ఇసకా సిమెంటూ కలిపి, మాలు గమేళాకి ఎత్తాడు. రాఘవ తెల్లారకుండానే బెంజ్ సర్కిల్‌లో బ్యాంకుకి వెళ్లిపోయాడు. ఇంట్లో ఇలాంటివి జరిగే రోజుల్లో అబ్బాయికి బ్యాంకులో పని ఎక్కువగానే ఉంటుంది.

శాంభవి ఎర్రబడ్డ కళ్లతో వరండాలో చాప పరుస్తోంది. నజీరా తన కూతురు అఫ్సాని క్లాసుకి తీసుకొచ్చే వేళైంది. ఐదేళ్ల పిల్ల. ఆపరేషన్ చేసి చెవి వెనక మిషను పెట్టారు. ఇప్పుడు దానికి వినపడుతుంది, కానీ గొంతు మాత్రం విప్పదు. గవర్నర్‌పేటలో హారన్ మోగితే చాలు, బెదిరిపోయి మిషను పీకి పారేస్తోంది. అందుకని ఈ పూట ఇంటికే తీసుకురమ్మంది.

"మేడమ్, ఇక్కడే క్లాసు పెడతారంట గదా? అల్లా దయ, ఎంత నిశ్శబ్దంగా ఉందో!" నజీరా చెప్పులు విప్పుతూ సంబరపడింది. శాంభవి తల దించుకుని చాప సరిచేసింది.

పెద్దవాళ్లు ఈ రెండు మాటలూ అనుకునేలోపు అఫ్సా షెడ్డులో ఉంది.

"ఏయ్ పాపా!" ఇందిరాదేవి పరిగెత్తింది. ఈ వయసులో అలా పరిగెత్తగలనని ఆవిడకే తెలియదు. పలక అంచున వంగి ఉన్న పిల్ల నడుం చుట్టూ రెండు చేతులూ బిగించి, తనూ అక్కడే కూలబడింది.

పిల్ల గింజుకోలేదు. నూతిలోకే చూస్తోంది. అడుగున ఎండ చుక్క, దాని పక్కన తన మొహమంత చిన్న మొహం.

"ఆ," అంది అఫ్సా.

"ఆ..." అంది నుయ్యి.

పిల్ల ఉలిక్కిపడింది. చెయ్యి మిషను మీదికి వెళ్లింది. పీకేస్తుందనుకుంది ఇందిరాదేవి. పీకలేదు. తల పక్కకి వంచి, కాసేపు ఆలోచించింది.

"ఆ... ఆ."

"ఆ... ఆ," అని రెండుసార్లూ పలికింది నుయ్యి, గుండ్రంగా, నింపాదిగా, తొందరేం లేదన్నట్టు.

అప్పుడు అఫ్సా మిషను మీద చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. ఇంకోసారి పలికింది. వేళ్ల కింద గొంతు కదిలింది, కింద నుయ్యి పలికింది. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. అది తనేనని దానికి తెలిసిపోయింది.

"సుభానల్లా!" అని నజీరా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శాంభవి షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎనిమిది నెలలు బొమ్మలు చూపించి, బతిమాలి, ఆడించి, పాడించి రాబట్టలేనిది ఆమె చెవులారా వింటోంది. చెంపల మీద కారుతున్న నీళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

పొట్టిగా, పొడుగ్గా, గట్టిగా, మెల్లగా, అఫ్సా ఒకే అక్షరాన్ని ఎన్ని రకాలుగా అనొచ్చో అన్ని రకాలుగానూ అంది. నుయ్యి ఒక్కదాన్నీ పోనివ్వలేదు, అన్నీ తిరిగిచ్చింది. ఇందిరాదేవి చేతుల కింద ఆ చిన్ని పొట్ట ప్రతి పిలుపుకీ ఎగిరెగిరి పడుతోంది. ఒక పసిపిల్ల గొంతు ఈ నూతి దగ్గర వినాలని ఆవిడ ఎప్పుడో అనుకుంది. ఎవరి పిల్లయితేనేం, వింటోంది.

గమేళా ఎత్తుకుని వచ్చిన బాలశౌరి దాన్ని చప్పుడు కాకుండా కిందికి దించాడు. అతని వెనకే అచ్యుతరామారావు.

"పాపని పక్కకి తీసుకో," అన్నాడాయన భార్యతో. గొంతులో ఎప్పటి గట్టితనం లేదు. "రాళ్లు వెయ్యాలి."

"వెయ్యనివ్వను."

పెళ్లయిన నాటినించీ ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం ఎవరూ వినలేదు. ఆవిడా వినలేదు. తన గొంతుకి తనే కొంచెం జంకి, మళ్లీ కూడదీసుకుంది.

"మన పిల్ల ఏడవకపోవడానికి ఈ నుయ్యి ఏం చేసిందండీ? మీకు తెలీదా? నాకెవరూ చెప్పలేదు. మీరూ చెప్పలేదు. ఏమీ చెయ్యలేదని ఒక్క మాట, ఒకే ఒక్క మాట మీరు చెప్పుంటే నేను ఇన్నేళ్లు ఇలా కాలిపోయేదాన్నా?"

శాంభవి అత్తగారి వైపు, మామగారి వైపు చూసింది. నిన్నటి ఆ చూపు ఆమెకి ఇప్పుడు అర్థమైంది.

అచ్యుతరామారావు పెదాలు కదిలాయి. "ఏదో ఒకటి చెయ్యాలి కదే అప్పుడు," అన్నాడు. "ఊరికే ఎలా కూచోను? చెయ్యడానికి నాకింకేం కనపళ్లేదు."

అఫ్సాకి మాత్రం ఈ పెద్దవాళ్ల గొడవలేవీ పట్టలేదు. ఇంత మంచి ఆట దొరికితే ఈ తాతగారు ఊరికే నిలబడతాడేమిటి? చెయ్యి చాచి ఆయన పంచె కుచ్చెళ్లు పట్టుకుని లాగింది. వేలితో నూతిలోకి చూపించింది. నువ్వూ అను, అన్నట్టు గడ్డం ఎగరేసింది.

ఆయన అటూ ఇటూ చూశాడు. పిల్ల మళ్లీ లాగింది. మోకాళ్ల నొప్పులతో కుర్చీలోంచి లేవడానికే ఆపసోపాలు పడే మనిషి, పలక మీద చేతులాన్చి, మెల్లగా వంగాడు. నీళ్ల చల్లదనం మొహానికి కొట్టింది. అడుగున ముగ్గురి మొహాలూ పక్కపక్కనే కదులుతున్నాయి.

తర్వాత, ఎవరో నిద్రపోతున్నవాళ్లని లేపుతున్నట్టు, "అపూర్వా" అన్నాడు.

"అపూర్వా..." అంది నుయ్యి.

ఆ పేరు ఇందిరాదేవి ఈ నూతి గట్టు మీద కూచుని ఆయనొక్కడికే చెప్పింది. బారసాల లేదు, బియ్యంలో రాయలేదు, ఎవరూ పిలవలేదు. నలభై ఏళ్లలో ఆయన నోట ఒక్కసారీ రాలేదు. మర్చిపోయాడనుకుంది.

"అయ్యగారూ," బాలశౌరి గొంతు తగ్గించి అడిగాడు, "మాలు గట్టిపడిపోతోందండీ. వెయ్యమంటారా, పారబొయ్యమంటారా?"

అచ్యుతరామారావు తల ఎత్తలేదు. ఒక చెయ్యి మాత్రం వెనక్కి చాచాడు. మేస్త్రిని ఆగమంటున్నాడో, ఎవరినైనా రమ్మంటున్నాడో ఎవరికీ తెలియలేదు. ఇందిరాదేవి ఆ చెయ్యి పట్టుకుంది.